బగ్గు మళ్ల పెట్టుమన్నరు

"బిడ్డా, గా బగ్గేదో మళ్ల పెట్టు. బగ్గు లేక నా దుకాణం ఆగమైతున్నది."

కోరుట్ల మేడం ఫోన్ల గీ మాట అన్నప్పుడు నేను జగిత్యాలల మా ఆఫీసుల కూసొని టిఫిన్ డబ్బా మూత తీస్తున్న. మూత చేతులనే ఉండిపోయింది. ఈ పని పట్టినకాంచి బగ్గు, అంటే సాఫ్ట్‌వేర్ల తప్పు, తియ్యమని తిట్టినోళ్లను చూసిన. బగ్గు లేని కాడ బగ్గు ఉన్నదని పొట్లాడినోళ్లను గూడ చూసిన. తీసిన బగ్గును తెచ్చి మళ్ల పెట్టుమని బతిమిలాడిన మనిషి మాత్రం దునియా మీద మా కోరుట్ల మేడం ఒక్కతే.

ఆఫీసు అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. బస్టాండ్ కాడ కింద సెల్‌ఫోన్ల షాపు, దాని మీద మేము. మేము అంటే మా సార్, నేను, ఒక ఏసీ. ఏసీ పనిచెయ్యది. సార్ పోయి సాఫ్ట్‌వేర్ అమ్ముకొస్తడు, అమ్మినంక దాని తిప్పలన్ని నేను పడ్త. సిరిసిల్లల ఒక బట్టల షాపు, జగిత్యాలల ఒకటి రెండు బడులు, కోరుట్లల గీ మేడం. వీళ్లందరి డేటాబేస్‌లు నా చేతులల్ల ఉంటయి.

డేటాబేస్ అంటే పెద్ద బీరువా అనుకోండ్రి. అందుల వరుసలు, వరుసలల్ల గడులు. మనం అడిగిన వరుసను ఎతికి తీసిచ్చేది ఇంజన్. ఆ ఇంజన్ తయారు చేసినోళ్లు ఎక్కడో ఉంటరు, మనకు కనపడరు. అప్పుడప్పుడు, ఇగో గీ గీ తప్పులు సరిచేసినం అని కొత్త వర్షన్ పంపుతరు. అందుల కొత్త రంగులుండయి, కొత్త సోకులుండయి. ఇంటికి సున్నమేసుడు కాదది, వానకు కారే కాడ పెంక మార్చుడు. పెంక మార్చినోన్ని ఎవలు మెచ్చుకోరు. కారినప్పుడు మాత్రం పేరు పెట్టి తిడ్తరు.

ఇగ మేడం దుకాణం. పెండ్లి సంబంధాల దుకాణం. కోరుట్లల ఆమె ఇంటి ముందటి అర్రనే ఆఫీసు. ఒక కంప్యూటరు, రెండు సోఫాలు, ఎప్పుడో బ్యాటరీ సచ్చిపోయిన యూపీఎస్సు ఒకటి. గోడ నిండ ఆమె కుదిర్చిన జంటల ఫొటోలు, దండలేసుకొని నవ్వుకుంట. అందుల ఎన్ని జంటలు ఇప్పుడు కలిసున్నయని అడగొద్దు. ఎందుకంటే అందుల ఒక ఫొటో నాది.

ఔ, నాదే. మొదటి సంబంధం నాకు ఆమెనే కుదిర్చింది. పిల్లగాడు దుబాయిల ఉంటడన్నది, ఉండె. బంగారమసోంటోడన్నది, అది మాత్రం ఉత్తదే. పెండ్లయి యాడాది నిండకముందే కులంల పంచాయితి అయింది, ఆ ఎనుక కోర్టయింది, చివరికి విడాకుల కాయితం చేతికొచ్చింది. నేను ఏడ్చేదంత ఏడ్చి, కడుక్కొని, జగిత్యాలల రూము తీసుకొని పనిల పడ్డ. ఫొటో మాత్రం కోరుట్లల గోడకు నవ్వుకుంటనే ఉన్నది. సర్వర్ చూసెటందుకు పోయిన ప్రతిసారి నా మొఖం నాకే కనపడ్తది, పక్కకు ఆయన మొఖం. తియ్యుండ్రి మేడం అంటే, "ఫొటో మంచిగొచ్చింది బిడ్డా, ఉండనియ్యి" అంటది.

ఆ డేటాబేస్ చూస్తే మీకు మన మనుషుల మీద ప్రేమ పుడ్తది. రంగు అని ఒక గడి ఉంటది. నలుపు అని రాసుకున్న మనిషి మొత్తం బీరువాల ఒక్కరు లేరు. జగిత్యాల బస్టాండ్‌ల నిలబడి చూస్తే ఇంత తెల్లటోళ్లందరు యాడ దాక్కున్నరో సమజ్ కాదు. తాగుడు అని ఇంకో గడి. అందుల మొగోళ్లందరు "దావతులల్ల మాత్రమే" అని రాసిండ్రు. మరి మా దిక్కు దావతు లేని దినమేది? ఎత్తు అయితే అందరు చెప్పులేసుకొనే కొలుసుకున్నరు.

ఇగ అన్నిటికంటె ఇజ్జత్‌గల గడి ఒకటున్నది. పెండ్లి మొదటిదా, రెండోదా. మొదటోళ్లు మొదటిది అని గర్వంగ నింపుతరు. మిగిలినోళ్లు ఖాళీ ఉంచుతరు. రెండోది అని రాసుకునేటంత ధైర్యం మా మూడు ఊర్లల్ల కలిపి వెతికినా దొరకది. రాసి అబద్ధమాడుడు పాపమాయె, రాసి నిజం చెప్పుడు సిగ్గాయె. ఖాళీ ఉంచితే మాత్రం ఎవలూ తప్పు పట్టరు. రెండోసారి నా పేరు రాయించినప్పుడు మేడం మా అవ్వకు గిదే నూరిపోసింది. "గా గడి ముట్టుకోకు వదినా. ముందుగాల వచ్చి పిల్లను చూడనియ్యి, చాయ్ తాగనియ్యి, గప్పుడు మెల్లగ చెప్పుకుందం." నన్ను కన్న మా అవ్వ సిరిసిల్ల వాడకట్టుల ఎవలతోనన్న దెబ్బకు దెబ్బ మాట్లాడే మనిషి. గా ఒక్క మాట కాడ మాత్రం ఆమె నోరు పడిపోతది. విడాకులు అన్న మాట ఆమె నోట్ల నేను ఎన్నడు వినలె. "గదంత అయినంక" అంటది. "మా బిడ్డ గదంత అయినంక జగిత్యాలల నౌకరి చేస్తున్నది."

ఇప్పుడు ఆ బగ్గు సంగతి చెప్త, జర ఓపిక పట్టుండ్రి. మేడం సాఫ్ట్‌వేర్ల, ఆమె కంప్యూటర్లగాని పేరు రాయించుకున్నోళ్ల ఫోన్లగాని, మొదటి సంబంధాలు చూపియ్యి అని నొక్కితే, అది లోపట ఇంజన్‌ను "రెండోది కానోళ్లందరిని తియ్యి" అని అడుగుతది. రాసిన మహానుభావుడు గట్ల రాసి పోయిండు. న్యాయంగ చూస్తే ఖాళీ గడి ఉన్నోళ్లు అందుల రావద్దు. డేటాబేస్‌ల ఖాళీ అంటే సున్నా కాదు, లేదు అని కాదు. తెల్వదు అని. తెల్వని మనిషిని పట్టుకొని నువ్వు రెండోడివి కావు గదా అంటే, ఇంజన్ ఔననది, కాదనది. పక్కకు నిలబెడ్తది. గదే దాని ధర్మం. గని మా పాత ఇంజన్‌ల ఒక బగ్గుండె. అది ఖాళీ గడులోళ్లను గూడ మొదటోళ్లల్ల కలిపి లోపటికి తోలేది. ఆ బగ్గు పుణ్యాన కోరుట్ల దుకాణంల విడిపోయినోళ్లు, మొగుడు పోయినోళ్లు, పెండ్లాం పోయినోళ్లు అందరు మొదటి సంబంధాలై కూసున్నరు. మేడం అది తన చేతిచలువ అనుకున్నది.

ఆ చేతిచలువకు నేను పడ్డ గోస చెప్తే ఒడువది. ఆదివారం ఆదివారం జగిత్యాలల బస్సెక్కి, మల్యాల దాటి, కొండగట్టు కాడ కోతులను చూసుకుంట, ఏములాడ మీదికెల్లి సిరిసిల్ల పోవుడు. పోయి చీర కట్టుకొని చాయ్ పట్టుకొని నిలబడుడు. మొదటి సంబంధం అనుకొని వచ్చినోళ్లు కూసొని మంచిగ సర్వపిండి తింటరు, మా సాంచాలు, అదే బట్ట నేసే మరమగ్గాలు, ఎట్ల నడుస్తున్నయని బాపును అడుగుతరు. బాపుకు సాంచాల సప్పుడుకు సగం చెవులు పోయినయి, ఆయన ఇంకేదో చెప్తడు. అందరు నవ్వుతరు. గప్పుడు అవ్వ తలుపు సాటు నుంచి, నేల చూసుకుంట, "పిల్లకు ఒకసారి... గదంత అయింది" అంటది. ఇగ చూడండ్రి. కప్పులు కింద పెట్టిన సప్పుడు ఒక్కటే వినపడ్తది. ఒకరికి ఫోన్ వస్తది, ఇంకొకరికి బస్సు యాదికొస్తది. ఒకామె అయితే లేసి పోయేటప్పుడు, "సకినాలు మంచిగున్నయి, జర కవర్ల పెట్టియ్యి చెల్లే" అన్నది. అవ్వ పెట్టిచ్చింది గూడ! పిల్ల వద్దు, సకినాలు కావాలె. ఆ దినం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇట్ల నన్ను సంతల బర్రె లెక్క నిజం దాసిపెట్టి చూపియ్యకు అని అవ్వ మీద ఒర్రిన. అవ్వ ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. పై ఆదివారం మళ్ల సర్వపిండి.

గట్ల గట్ల ఒకసారి ఒకాయన వచ్చిండు. కోరుట్లాయనే. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తడు. అక్కను తోలుకొని వచ్చిండు. అవ్వ ఇంక తలుపు సాటుకు పోకముందే నాతోటి ఒక్క నిమిషం మాట్లాడాలె అని డాబా మీదికి పోదామన్నడు. సిరిసిల్లల ఒక లాభమున్నది. చుట్టు సాంచాలు లడలడలాడుతుంటయి గదా, దగ్గర నిలబడకుంటే మాట వినపడది. దగ్గరనే నిలబడ్డం.

"మీది గా గడి ఖాళీ ఉండె. చూసి వచ్చిన" అన్నడు.

"చూసి వచ్చిండ్రా, చూడక వచ్చిండ్రా?" అన్న. నా నోరు గట్లనే ఉంటది.

"చూసే వచ్చిన. నాది గూడ ఖాళీనే."

ఆయనది గూడ కోర్టు దాక పోయి విడిపోయిన సంసారమే. మొత్తం చెప్పిండు, ఏం దాసలె. రెండు ఖాళీలు కలిసినయి చూడండ్రి అని నవ్విండు. నాకు ఊకుండబుద్ధి కాలె. "డేటాబేస్‌ల రెండు ఖాళీలు ఎప్పుడు కలవయి. ఖాళీ ఇంకో ఖాళీతోటి సమానం కాదు. తెల్వనిది, ఇంకో తెల్వనిది ఒక్కటే అని ఎట్ల చెప్తరు?" అన్న. ఆయన ఇంకింత నవ్విండు. "మనం డేటాబేస్‌లం కాదు గదా" అన్నడు. అబద్ధమెందుకు, నచ్చిండు. కిందికి దిగేటప్పుడు, "మా అమ్మకు, మామలకు మీ సంగతి నేనే చెప్త. నాది వాళ్లకు ఎర్కే గదా. పూలుపండ్లు పెట్టుకొని ఎప్పుడు ఖాయం చేసుకుందమో మాట్లాడెటందుకు వాళ్లను తోలుకొని మళ్ల వస్త" అన్నడు. అవ్వకు ఆ దినం తలుపు సాటుకు పోవుడు తప్పింది. సంతోషానికి స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు తుడిసింది. మా ఇంట్ల ఫ్యాన్ రెక్కలు లగ్గాలకే తుడుస్తరు.

గిదే వారంల కొత్త అప్‌డేట్ వచ్చింది. అది పెట్టక తప్పది. పాతదాంట్ల ఇంకో రోగముండె. మధ్యల కరెంటు పోతే మళ్ల వచ్చేటాళ్లకు ఒకటి రెండు వరుసలు గాయబ్ అయితుండె. కోరుట్లల మేడం యూపీఎస్సు సంగతి చెప్పిన గదా. అన్ని కాడ పెట్టేసెయ్యి అన్నడు సార్. సరిచేసిన తప్పుల చిట్టా నేను ప్రతిసారి మొత్తం సదువుత. పని గల్లోళ్లు సదవరు, నేను సదువుత. అందుల ఒక కాడ, ఖాళీ గడుల వరుసలు తప్పుగ బయటికొచ్చుడు బంద్ చేసినం అని చిన్నగ ఉన్నది. సదివి ఆగిన. అంటే కోరుట్లల ఖాళీలు అందరు ఒక్క దెబ్బకు మాయమైతరు. నేను గూడ. ఇన్ని దినాలు నన్ను ఎవలకు తెల్వకుండ మొదటోళ్లల్ల తోలింది గీ బగ్గే అన్నట్టు. దాని వల్లనే గా కప్పులు కింద పెట్టిన సప్పుళ్లన్ని.

మీరు నమ్మరు, సంతోషంగ పెట్టిన. లెక్కల సార్ ఎట్లాగు నన్ను చూసిండు, ఆయనకు నేను దొరకకుంటేనేం అనుకున్న. మేడం పగటి అన్నం తిని పండుకునే యాళ్లకు పోయి, బ్యాకప్ తీసి, కొత్త ఇంజన్ ఎక్కించి, ఒకసారి వెతికి చూసిన. మొదటి సంబంధాలల్ల నా పేరు లేదు. రెండో సంబంధాలల్ల గూడ లేదు. గోడ మీద ఫొటో ఉన్నది, బీరువాల మనిషి లేదు.

తెల్లారి నుంచి షురూ అయింది. ఇగ మీకు ఎర్కైన ఫోనే.

"నా పిల్లలు ఎటుపోయిండ్రు? సగం మంది పత్తా లేరు."

"పోలేదు మేడం, అందరు బీరువాలనే ఉన్నరు. గా గడి ఖాళీ ఉన్నోళ్లు వెతికితే రారు. రావద్దు గూడ. ఇన్ని దినాలు వచ్చుడే తప్పు. గది బగ్గు."

"బగ్గైతేంది? బగ్గు ఎవలకేం నష్టం చేసింది? ఎందరి ఇండ్లల్ల దీపం పెట్టింది గా బగ్గు!"

ఇంత ఇజ్జత్ దొరికిన బగ్గు దునియా మీద ఇంకోటి ఉండది. కొబ్బరికాయ కొట్టుడొక్కటే తక్కువ. ఆ ఎనుకనే మా సార్ వచ్చి, "మేడం మన పాత కస్టమర్. పాత వర్షనే పెట్టరాదు?" అన్నడు. పెడ్త సార్, కరెంటు పోయినప్పుడల్ల ఉన్న పిల్లలు గూడ మాయమైతరు, గప్పుడు కోరుట్లకు మీరే పోయి మాట్లాడాలె అన్న. సార్ ఏసీ దిక్కు చూసి కిందికి దిగిపోయిండు.

పొద్దుమూకి అవ్వ ఫోన్ చేసింది. మేడం ఆమె చెవుల ఊదింది. "నువ్వు కనపడ్తలేవట గదనే! వాళ్ల అమ్మ చూస్తే ఏమనుకుంటది? వేరే కాడ కుదిరిందనుకుంటది. పూలుపండ్లు అయ్యేదాక జర గా బగ్గును ఉండనియ్యరాదే." బగ్గు అన్న మాట ఆమె ఏదో సుట్టం పేరు లెక్క అన్నది. నేను కోపానికి ఫోన్ పెట్టేసిన. గని ఆ రాత్రి నాకు గూడ బుగులైంది. నిజంగనే వాళ్ల అమ్మ చూస్తే? ఉన్న ఒక్క మంచి సంబంధం నా చేతులతోటి నేనే కొట్టేసుకున్ననా?

మేడంకు ఫోన్ చేసి మెల్లగ చెప్పిన. "బగ్గు మళ్ల రాదు మేడం. ఒక్కటే పని. ఖాళీ ఉన్నోళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడుగుండ్రి. ఏది నిజమైతే అది గడిల రాయుండ్రి. అందరు మళ్ల కనపడ్తరు."

"అడుగుడేంది? నేను చేసిన లగ్గాలు నాకు ఎర్కలేదా?" అన్నది. ఒక్క పగటికల్లా అన్ని గడులు నింపింది. నేను జగిత్యాల నుంచి లాగిన్ అయి చూసిన. నవ్వాల్నా ఏడ్వాల్నా సమజ్ కాలె.

ఖాళీ ఉన్న మొగోళ్లు అందరు మొదటిది. ఖాళీ ఉన్న ఆడోళ్లు అందరు రెండోది. ఒక్కరు తప్పిపోలె. మెట్‌పల్లి దిక్కు ఒక పెద్దమనిషి మూడో పెండ్లికి తయారుగున్నడు, నాకు ఎర్క. ఆయనది గూడ మొదటిదే. పాపం ఒక పిల్ల, లగ్గమే కాలె, గడి నింపుడు మర్చిపోయింది. ఆమెది రెండోది! ఇదేంది మేడం అని ఫోన్ చేస్తే, ఆమె కోపానికి గూడ రాలె. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "మొగోనికేంది బిడ్డా, ఎన్నోదైనా అది మొదటిదే. నిన్న మొన్నటి పిల్లవు, నీకు తెల్వది." గా పెండ్లి కాని పిల్ల గడిని మాత్రం తిట్టి తిట్టి మార్పిచ్చిన.

రెండు దినాలకు మేడం అవ్వకు ఫోన్ చేసింది. కోరుట్లల లెక్కల సార్ వాళ్ల అమ్మ ఫోన్ల నా వరుస చూసిందట. కొడుకు వరుస గూడ చూసిందట. చూసి ఏమన్నదో ఎర్కనా? "మావోనిది మొదటి సంబంధం. ఆ పిల్లది రెండోదట గదా. మాకేం కర్మ?" అన్నది. అమ్మా, నీ కొడుకు మొదటి లగ్గంల తలువాల బియ్యం పోసింది నువ్వు కాదా? ముందటి బంతిల కూసొని పప్పన్నం తిన్నది వాళ్ల మామలు కాదా? కళ్లతోటి చూసిన లగ్గం పోయింది, స్క్రీన్ మీద చూసిన గడి నిజమైంది. ముందుగాల నవ్వొచ్చింది.  ఆ ఎనుక, ఎవలకు చెప్పకుండ్రి, బాత్‌రూముల నల్ల నీళ్లు ఇప్పి ఏడ్చిన.

ఇంక ఆయన మీద ఆశ ఉండె నాకు. చెప్తడనుకున్న. మావోళ్లు ఎడ్డిగ మాట్లాడుతున్నరు, నేను సర్ది చెప్తున్న, జర ఆగుండ్రి అంటడనుకున్న. ఫోన్ వచ్చింది.

"మావోళ్లు జర ఎనుకముందు ఆడుతున్నరండి."

"మీరు చెప్తనన్నరు గదా?"

"చెప్దామనే అనుకున్న. గీ లోపట గట్ల పడ్డది. మొదటిది అని పడినకాంచి మస్తు సంబంధాలు వస్తున్నయట. మా మామలు కొన్ని దినాలు చూద్దం అంటున్నరు."

"మరి మీకు తెల్వదా, అది అబద్ధమని?"

 మెల్లగ, లెక్క తప్పు చేసిన పిలగానికి సర్దిచెప్పినట్టు అన్నడు. "నేను రాయలేదు గదండి. ఎవలో రాసిండ్రు. ఉన్నదేదో ఉండనియ్యుండ్రి."

ఇగ నాకు మాట ఆగలె. "సార్, ఖాళీ ఉన్నప్పుడే మీరు మంచిగుండిరి" అని పెట్టేసిన.

చేతులు దురద పెట్టినయి. తాళం నా దగ్గరనే ఉన్నది. ఒక్క లైన్ కొడితే ఆయన గడిల నిజం కూసుంటది, మామలు పట్టుకొని తిరిగే మొదటిదంత గాలికి పోతది. లైన్ రాసిన గూడ. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిన. ఆయన నోట్ల నుంచి రాని మాటను నేను గడిల పెడితే ఏమొస్తది? చెరిపేసిన. ఆయనకు భయపడి కాదు, నా పనికి ఇజ్జత్ ఇచ్చి.

ఆదివారం సిరిసిల్ల పోయిన. ఎవలు వచ్చేది లేదు, చీర కట్టుడు లేదు. అవ్వ వాకిట్ల కూసున్నది. పిండి కలిపి పెట్టుకొని సర్వపిండి ఒత్తుతలేదు, ఊకెనే పిండిని చూస్తున్నది. ఇంటి ముందటి షెడ్డుల సాంచాలు నడుస్తున్నయి, బాపు వాటి కాడ తెగిన పోగులు అతుకుతున్నడు. వాడకట్టు మొత్తం గదే సప్పుడు. ఆయన చెప్పిన మాట అవ్వకు మొత్తం చెప్పిన. ఉండనియ్యుండ్రి అన్నడా అని అడిగింది. ఔనన్న. అవ్వ కలిపిన పిండి మీద గిన్నె బోర్లేసింది.

గప్పుడే మేడం ఫోన్ వచ్చింది. సప్పుడుకు వినపడక అవ్వ స్పీకర్ పెట్టింది. అవతల మేడం గొంతు తేనె లెక్కున్నది. "పోనియ్యి వదినా, గా సంబంధం పోతే పోయింది. నేనొక ఉపాయం చేసిన. నీ బిడ్డది గూడ మొదటిది అని మారుస్త. ఎవలకు ఎర్క? మంచి మంచి సంబంధాలు వస్తయి. వచ్చినంక చూసుకుందం."

నేను అవ్వ మొఖం దిక్కు చూసిన. ఇన్నేండ్లు ఆమె అడిగిందే మేడం ఇస్తున్నది.  సరే అంటది, ఇగ మళ్ల ఆదివారాలు, మళ్ల కప్పుల సప్పుడు, మళ్ల తలుపు సాటు.

అవ్వ లేసి నిలబడ్డది. ఫోన్ నోటి కాడ పెట్టుకొని, సాంచాల సప్పుడుకు మీదికెల్లి ఒర్రింది.

"మొదటిదెట్లయితదే? గా కోరుట్లోడు నా ఇంట్ల తిని పోయి నేను మొదటోన్ని అని కూసున్నడు, వాని లెక్క నా బిడ్డ గూడ దొంగ కావాల్నా? రాయద్దు! మా పిల్లది రెండోదే! మొదటోడు మనిషి కాలె, ఇడిసిపెట్టినం! విడాకులు..."

ఆ మాట కాడ కరెంటు పోయింది.

సాంచాలన్ని ఒక్కపారి ఆగినయి. మా షెడ్డుల, పక్క షెడ్డుల, ఆ పక్క షెడ్డుల. సిరిసిల్లల ఆ నిశ్శబ్దం ఎట్లుంటదో అక్కడ పుట్టినోళ్లకే ఎర్క. ఆ నిశ్శబ్దంల "విడాకులు" అన్న మాట ఒక్కటే గట్టిగ వాడకట్టు ఆ కొస దాక పోయింది. కరెంటు పోతే అందరు గాలికి వాకిట్లకు వస్తరు గదా. వచ్చిండ్రు. అందరు మా దిక్కే చూస్తున్నరు. ఎదురింటామె నోటి మీద కొంగు పెట్టుకున్నది.

అవ్వ అందరిని చూసింది. ఇగ లోపటికి ఉరుకుతదనుకున్న. ఉరకలె. కొంగు నడుముకు చెక్కింది. ఇప్పుడు ఒర్రే అవసరం లేదు, పిట్ట రెక్క కొట్టినా వినపడే తీరుగున్నది. అయినా అదే గొంతుతోటి, ఎదురింటామె కండ్లల్లకు చూసుకుంట ఫోన్ల అన్నది. "ఆఁ, విడాకులు అయినయని రాయి. చూసి వచ్చేటోడు వస్తడు, రానోడు నా సకినాలు తినే పని లేదు. ముందుగాల నీ గోడ మీదికెల్లి మా పిల్ల ఫొటో తియ్యి."

షెడ్డుల నుంచి బాపు చేతులు తుడుసుకుంట బయటికొచ్చిండు. సగం చెవులే గదా, అందరు ఎందుకు నిలబడ్డరో ఆయనకు సమజ్ కాలె. "ఏమైందే?" అన్నడు.

"ఏం లేదు" అన్నది అవ్వ. "గా గడి ఒకటి ఖాళీ ఉండె. నింపిస్తున్న."